కళ్ళంలో బేస్‌బాల్

ఈ మధ్య మా ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టరు ఒక అమెరికా పత్రిక పట్టుకొచ్చి చూపించాడు. అందులో ఒక బేస్‌బాల్ స్టేడియం ఫొటో ఉంది. వాన వస్తే పైకప్పు మూసుకుంటుందట, ఎండ కాస్తే తెరుచుకుంటుందట. నేల మీద పచ్చగా కనిపించేది అసలు గడ్డి కాదట. స్కోరు చూపించే బోర్డు మా చర్చి కంటే ఎత్తుగా ఉంది. "మాస్టారూ, మీరు పల్నాడులో బేస్‌బాల్ ఆడించారంట గదా, నిజమేనా?" అని అడిగాడు. నిజమే. చెప్పింది వినేసి ఊరుకోక, మీలాంటి కుర్ర మాస్టర్లందరి కోసం రాసిమ్మన్నాడు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో మా గ్రౌండుకు తాడు పట్టి కొలతలు వేసిన లెక్కల మాస్టరు ఈ వేసవిలో పోయాడు. సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. అలాంటి సభల్లో చెప్పే మాటలు ఎవరికైనా అతుకుతాయి. ఆయన ఎలాంటివాడో తెలియాలంటే ఈ ఆట సంగతి చెప్పడమే మేలు.

యుద్ధం ముగిసిన ఏడాది నాకు మాచవరం వైపు ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు పని దొరికింది. పని దొరికిందే గాని నిలిచేది అనుమానం. బడికి గ్రౌండు లేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నన్ను ఎగాదిగా చూసి, "గ్రౌండు లేని బడికి డ్రిల్లు మాస్టరు దేనికయ్యా?" అన్నాడు. మరుసటి ఏడుకల్లా గ్రౌండు చూపించాలి, లేకపోతే పోస్టు తీసేస్తానని చెప్పిపోయాడు. మా ఇంట్లో జీతం తెచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే.

బడి మేనేజరు అమెరికా దొర. పొడుగాటి మనిషి. తెలుగు బాగా వచ్చు, కాని అది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. వరండాలో కూర్చుని మాకు వాళ్ళ దేశపు బేస్‌బాల్ మైదానాల చరిత్ర చెప్పేవాడు. మొదట్లో ఏ పచ్చికలో పడితే ఆ పచ్చికలో ఆడేవారట, జనం చుట్టూ నిలబడి చూసేవారట. తర్వాత కంచె కట్టి, చెక్కతో మెట్లు వేశారు. చెక్క మెట్లు అంటుకుని కాలిపోవడం మొదలయ్యాక ఇనుము, ఇటుక, సిమెంటు వచ్చాయి. ఇళ్ళ మధ్య ఎంత జాగా దొరికితే అంతలోనే కట్టారు కాబట్టి ఒక మైదానంలా ఇంకొకటి ఉండదట. ఒకచోట కుడివైపు గోడ దగ్గరగా ఉంటే, ఇంకోచోట ఎడమవైపు గోడ చెట్టంత ఎత్తు. ఆ సంవత్సరం ఆయన స్వదేశం వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోగా ఒక్క ఆట సక్రమంగా ఆడించి చూడాలని ఆయన కోరిక.

గ్రౌండు ఆయనకు సరదా. నాకు కూడు. ఇద్దరం కలిసి బడి వెనక చేను గల రైతు దగ్గరకు వెళ్ళాం.

ఆయన మోతుబరి. ఊరంతా పెద్దయ్య అనేవారు. జనం కంట్రోలు బియ్యం కోసం నిలబడుతున్న రోజులవి. చేను ఆటకిమ్మంటే ఎవరికైనా కోపమే వస్తుంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"కర్రతో బంతి కొట్టి పరిగెత్తటానికి ఎకరాలకి ఎకరాలు కావాల్నా దొరగారూ? మా పిల్లలు బిళ్ళంగోడు సందులో ఆడతారు."

"పెద్దయ్యగారూ, ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుంది," అన్నాను.

"సరే. పంట కోసినాక ఒక్క ఆట ఆడిచ్చండి. ఊళ్ళో జనానికి నచ్చితే ఉంచుకోండి. నవ్వులాటైతే తొలకరికి అరక దించుతా. మళ్ళీ నా దగ్గరికి రాబాకండి."

జొన్న కోత అయ్యాక పని మొదలుపెట్టాం. లెక్కల మాస్టరు నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. బక్కపలచని మనిషి, పరిగెత్తడం చేతకాదు. "ఆడేది మీరు, కొలిచేది నేను," అని తాడుకు ముడులు వేసి, మూల మీద నిలబెట్టినట్టుండే చదరాన్ని నేల మీద గీశాడు. మూలకో బేసు; బంతి కొట్టినవాడు వరసగా అన్నీ చుట్టి, బయల్దేరిన మూలకే తిరిగొస్తే ఒక పరుగు. కొట్టేవాడి కంట్లో సాయంత్రపు ఎండ పడకుండా మొత్తం గ్రౌండును తిప్పి రెండోసారి గీశాడు. దుర్గి నుంచి వచ్చిన శిల్పి ఒకాయన కొట్టేవాడు నిలబడే చోటుకు అయిదు పలకల రాయి చెక్కి ఇచ్చాడు. దాని మధ్యలో తామరపువ్వు చెక్కుతానని పట్టుబడితే, ఆ పువ్వు కాళ్ళకింద పడుతుందని చెప్పి ఆపాం. కొట్టేవాడి వెనక కట్టాల్సిన ఇనప వల మా దగ్గరెక్కడిది? కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ దగ్గర పాత వల తెచ్చి గుంజలకు కట్టాం. అది ఎన్నిసార్లు ఉతికినా కాకులు దాన్ని వదిలిపెట్టలేదు.

ఇక నేల. నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చి, బంతి పడితే ఎటు పోతుందో తెలిసేది కాదు. దొరగారు ఎర్రమట్టి అన్నాడు, రోడ్డు రోలరు అన్నాడు. రెండూ దొరికేవి కావు. చేలో పని చేసే ఆడవాళ్ళకు పెద్దగా ఒక ముసలామె ఉండేది, అందరికీ పెద్దమ్మ. ఆమె మా తంటాలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కళ్ళం చేసుకోక ఈ తిప్పలేంది మీకు?"

కళ్ళం అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. కోసిన పంటను నూర్చి గింజ తీసే చోటు. నేల తడిపి, గరపమన్ను పరిచి, పశువులతో తొక్కించి, రాతిగుండు దొర్లించి, పేడతో అలుకుతారు. ఆరాక పలకలా ఉంటుంది. పెద్దమ్మ తన జట్టుతో దిగి చదరమంతా కళ్ళం చేసింది. దొరగారు మోకాళ్ళ మీద కూర్చుని బంతి దొర్లించి చూశాడు. అది గీత గీసినట్టు పోయింది. "ఇది మిక్కిలి శ్రేష్ఠమైనది!" అన్నాడు. బంతి విసిరేవాడి కోసం నడుమ మట్టితో మెట్టలా పోయించాడు. పెద్దమ్మ దాన్ని కూడా అలికి, చుట్టూ ముగ్గు వేసింది. అది చూసి అందరం మెచ్చుకున్నామే తప్ప ముగ్గెందుకని ఒక్కరూ అడగలేదు.

మా బోర్డింగు పిల్లలు, మాస్టర్లు రోజూ దాని మీదే సాధన చేశాం. అందరివీ ఉత్తకాళ్ళే. కాబట్టి అసలు చిక్కు ఎక్కడుందో మాకు తెలియలేదు.

పరీక్షలైన తర్వాత ఆట పెట్టాం. గుంటూరు నుంచి ఒక కాలేజీ జట్టు బొగ్గుతో నడిచే బస్సులో వచ్చింది. వాళ్ళ కెప్టెన్ ఇంగ్లీషు లెక్చరరు, తెల్ల నిక్కరు, నున్నగా దువ్విన క్రాపు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని జనం వచ్చారు. పెద్దయ్య తన బండిని గ్రౌండు చివర నిలబెట్టి, అందులోనే కూర్చున్నాడు. బండి కింద ఆయన కుక్క పడుకుంది. లెక్కల మాస్టరు తరగతి గదిలోని నల్లబల్ల మోయించుకొచ్చి స్కోరు రాయడానికి సిద్ధమయ్యాడు.

గుంటూరు జట్టు వరసగా గ్రౌండులోకి నడిచింది. వాళ్ళ కాళ్ళకు యుద్ధం తర్వాత చవగ్గా అమ్మిన మిలిటరీ బూట్లు, అడుగున మేకులు. పెద్దమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఆగు నాయనా! కాళ్ళకవేంది?"

"బూట్లమ్మా," అన్నాడు లెక్చరరు.

"బూట్లని నాకు తెలవదా? వాటితో కళ్ళంలోకి ఎట్టా వస్తావు? అన్నం తొక్కుతావా?"

"ఇది కళ్ళం కాదమ్మా. దీన్ని ఇన్‌ఫీల్డంటారు."

"నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో. అలికింది నేను."

ఆమె వెనక ఆమె జట్టంతా లేచింది. "నడిమధ్య రాశి లాగా పోసి ముగ్గేసుకుంటే, దాని మీదికి మేకుల చెప్పులతో ఎక్కుతారంట, ఇన్నావటే!" అని ఒకామె పక్కామెకు చెప్పింది. అప్పుడు గాని నాకు ముగ్గు అర్థం కాలేదు. కళ్ళంలో ధాన్యపు రాశి దగ్గరకు చెప్పులతో ఎవరూ పోరు. యజమాని అయినా పోడు. మేం వాళ్ళ చేత కళ్ళం చేయించుకున్నాం. అది కళ్ళమైపోయింది.

లెక్చరరు నా వైపు తిరిగాడు. "ఏమండీ, పేడ అలికిన నేల మీద బూట్లు లేకుండా మా వాళ్ళు జారి పడతారు. బూట్లతో ఆడనివ్వకపోతే ఇటు నుంచి ఇటే వెళ్ళిపోతాం."

బండిలోంచి పెద్దయ్య గొంతు వినిపించింది. "మా నాయన గూడా కళ్ళంలో చెప్పులేసుకు తిరగలా. గుంటూరోళ్ళు తిరుగుతామంటే తిరగనియ్యవయ్యా డ్రిల్లు మాస్టరూ. ఆట అయిపోయినాక మనం మాట్లాడుకునేది ఏం ఉండదు."

ఇటు చూస్తే ఆట లేదు, అటు చూస్తే చేను లేదు. చేను లేకపోతే నేనూ లేను. లెక్కల మాస్టరు నల్లబల్ల వదిలి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

అంపైరు దొరగారు. ఆయన ఇద్దరు కెప్టెన్లనూ రాతి పలక దగ్గరకు పిలిచాడు. ఏదో అనబోయి మానేసి, కిందికి వంగి తన బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. మేజోళ్ళు కూడా తీశాడు. ఆడవాళ్ళలోంచి ఒక గొంతు, "ఓసే, దొర కాళ్ళు చూడవే! ముల్లంగి దుంపలు!" అంది. గ్రౌండంతా గొల్లుమంది. దొరగారు కూడా కిందికి చూసుకుని, అది న్యాయమైన మాటే అన్నట్టు తలూపాడు.

"మా దేశమందు ప్రతి మైదానమునకు దాని సొంత నియమములు గలవు," అన్నాడు అందరికీ వినపడేలా. "ఆటకు ముందు ఆ ఊరి కెప్టెను వాటిని చెప్పును. వచ్చినవారు వినవలెను. డ్రిల్లు మాస్టరుగారూ, మీ మైదానపు నియమములు చెప్పుడి."

మాకు నియమాలేం ఉన్నాయి? అప్పటికప్పుడు కల్పించాలి. "మొదటి రూలు, అలికిన చోట చెప్పులు లేవు," అన్నాను. పెద్దమ్మ చీపురు దించింది. రెండోది ఏమిటా అని దిక్కులు చూస్తే బ్రహ్మజెముడు కంచె కనిపించింది. "బంతి జెముడులో పడితే ఒక బేసు. ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు."

"గేదెకి తగిలితే?" అని జనంలో ఎవరో అరిచారు.

"ఆట ఆగదు."

"గేదె ఆగద్దా మరి?"

లెక్కల మాస్టరు గబగబా వెళ్ళి రూళ్ళన్నీ నల్లబల్ల మీద రాయసాగాడు. అంతలో పెద్దయ్య బండిలో లేచి నిలబడ్డాడు.

"మా బండి కిందకొస్తే ఎట్టా?"

"మీరే చెప్పండి పెద్దయ్యగారూ," అన్నాను.

ఆయన ఇది ఊహించలేదు. కాస్త ఆలోచించాడు. "బండి కింద కుక్క ఉంది. బంతి తియ్యాలంటే దాన్ని బతిమాలుకోవాల. పాపం, ఆలోపు వీళ్ళు ఊరంతా తిరిగొస్తే అన్యాయం గదా. రెండు. రెండు బేసులంతే."

లెక్చరరు తెలివైనవాడు. "ఈ రూళ్ళు మీ జట్టుకు కూడా వర్తిస్తాయా?" అన్నాడు.

పెద్దయ్యకు పౌరుషం వచ్చింది. "ఏం మాటయ్యా అది? రూలన్నాక ఎవురికైనా రూలే!"

లెక్చరరు వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన కుర్రాళ్ళు సగంమంది అప్పటికే బూట్లు విప్పేశారు. ఆయనా విప్పాడు.

ఆట మొత్తం చెప్పను. ఎండ ఎక్కేకొద్దీ గుంటూరువాళ్ళు ఒంటికాలి మీద గెంతుతుంటే పెద్దమ్మ జట్టు మధ్యమధ్యలో బిందెలతో నీళ్ళు చల్లింది. దొరగారు, "నీవు అవుటైతివి! వెలుపలికి పొమ్ము!" అని అరిచినప్పుడల్లా పిల్లలు వెంటనే ఆయన్ని అనుకరించేవారు. పెద్దయ్య మొదట్లో బండిలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఒకసారి మా వాడు బంతి కొట్టకుండానే నడుచుకుంటూ మొదటి బేసుకు పోయాడు.

"వాడెందుకు పోతన్నాడు?"

"వాళ్ళు నాలుగు సార్లు వంకరగా ఏశారు పెద్దయ్యగారూ, అందుకని," అన్నాడు బండి పక్కన నిలబడ్డ బోర్డింగు పిల్లాడొకడు.

"ఏసినోడు తప్పు చేస్తే కొట్టేటోడికి బేసా?" ఆయన ఆలోచనలో పడ్డాడు. "బాగానే ఉంది. ఇట్టాంటిది కోర్టులో గూడా పెట్టాల." అప్పటి నుంచి ఆయన ముందుకు వంగే కూర్చున్నాడు.

చివరి వంతు వచ్చేసరికి మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. మా వాళ్ళు ఇద్దరు అవుటయ్యారు. నేను మొదటి బేసు మీద ఉన్నాను. కొట్టడానికి మా బోర్డింగు వంటాయన వచ్చాడు. వంద మందికి సంకటి కెలికిన చెయ్యి. మొదటి బంతినే ఆయన కొట్టిన శబ్దానికి వల మీది కాకులన్నీ లేచిపోయాయి. నేను వెనక్కి చూడలేదు. రెండో బేసు, మూడో బేసు దాటి రాతి పలక మీద కాలు పెట్టాను. నా వెనకే వంటాయన ఊగుతూ వచ్చి పలక తొక్కాడు. రెండు పరుగులు. గెలిచాం. పిల్లలు నన్ను ఎత్తేశారు.

ఎత్తిన తర్వాత పైనుంచి కనిపించింది. బంతి పెద్దయ్య బండి కింద ఉంది. గుంటూరు కుర్రాడొకడు మోకాళ్ళ మీద కూర్చుని కుక్కను "రా అమ్మా, ఇయ్యమ్మా" అని బతిమాలుతున్నాడు. అది గుర్రుమంటోంది.

లెక్చరరూ దొరగారూ పెద్దయ్య వైపు చూశారు. లెక్కల మాస్టరు చేతిలో సుద్దముక్క గాలిలోనే ఆగింది.

"ఏమయ్యో, కుక్క మనదే గదా!" అంది పెద్దమ్మ.

పెద్దయ్య తలగుడ్డ విప్పాడు. ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ చుట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కుక్క మనదే. రూలు గూడా మనదే," అన్నాడు. "రెండు. ఎనక్కి పోండ్రా."

పిల్లలు నన్ను దించారు. నేను మూడో బేసుకు, వంటాయన రెండో బేసుకు నడిచాం. తర్వాత వచ్చిన సైన్సు మాస్టరు మూడుసార్లు గాలిని కొట్టాడు. ఓడిపోయాం.

వచ్చినవాళ్ళు బోర్డింగులో భోంచేసి, మమ్మల్ని కావలించుకుని, బూట్లు మెడలో వేలాడేసుకుని బస్సెక్కారు. పెద్దయ్య మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా బండి తోలుకుపోయాడు. సెలవులంతా ఆయన్నుంచి కబురు లేదు. ఊళ్ళో మాత్రం రచ్చబండ దగ్గర, బావుల దగ్గర, సంతలో ఒకటే వాదన. రెండా, నాలుగా? కొందరు కుక్కను తప్పుపట్టారు. కొందరు సైన్సును. దొరగారు ఆ వాదనలు వింటూనే ఓడెక్కడానికి వెళ్ళిపోయాడు. బడి తెరిచే రోజులకు నేను నా ట్రంకుపెట్టె విప్పాలా వద్దా అని చూస్తూ కూర్చున్నాను.

తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే పెద్దయ్య ఎద్దులు, వాటి వెనక అరక, గ్రౌండు వైపు వస్తూ కనిపించాయి. నేనూ లెక్కల మాస్టరూ గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డాం. లెక్కల మాస్టరే అడిగాడు.

"దున్నుతున్నారా పెద్దయ్యగారూ?"

"ఇప్పుడెట్టా దున్నుతానయ్యా? ఊళ్ళో ఏమంటారు? ఓడిపోయి, ఉడుక్కోని దున్నాడంటారు. ముందు వాళ్ళని మళ్ళీ పిలవండి. గెలవండి. గెలిచినాక దున్నుతా."

ఎద్దుల్ని అదిలించి అవతలి చేలోకి తోలుకుపోయాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి గ్రౌండు చూసుకున్నాడు. నా పోస్టు నిలిచింది. గెలిచాక దున్నుతానన్న మాట గుర్తుండి, ట్రంకుపెట్టె మాత్రం పూర్తిగా విప్పలేదు.

వానలకు అలుకు కొట్టుకుపోయేది. ఏటా పంట నూర్చే రోజుల్లో పెద్దమ్మ మళ్ళీ కళ్ళం చేసేది. రెండో ఏడు గుంటూరువాళ్ళు తమంతట తామే ఉత్తకాళ్ళతో బస్సు దిగారు. మళ్ళీ ఓడించి పోయారు. పెద్దయ్య మాకు తిండి సరిపోవడం లేదని బోర్డింగుకు ఒక పాడిగేదెను తోలించాడు.

మూడో ఏడు మా జట్టు కుదిరింది. సగం ఆటకే మాది పైచెయ్యి అయింది. విశ్రాంతి వేళ లెక్కల మాస్టరు నన్ను నల్లబల్ల పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, ఒక చిన్న లెక్క. గెలిస్తే దున్నుతానన్నాడు గుర్తుందా?"

"ఉంది. ఓడమంటావా అన్నా?"

"నేనేమీ అన్లా. లెక్క చెప్పా."

ఈ సంగతి మా జట్టులో పెద్దవాళ్ళందరికీ గుర్తుంది. అయినా చేతిలో కర్ర ఉండి, ఎదురుగా బంతి వస్తుంటే కావాలని వదలడం ఎవరివల్లా కాలేదు. గెలిచాం. బాగా గెలిచాం. పిల్లలు అరుస్తున్నారు, మేం అరవలేదు. అందరం బండి వైపే చూస్తున్నాం. పెద్దయ్య దిగి వచ్చాడు. అలికిన నేల అంచున చెప్పులు విడిచి లోపలికి వచ్చి, లెక్చరరు భుజం తట్టి, మా ముఖాలు చూశాడు.

"ఏందయ్యా, గెలిచినోళ్ళు పీనుగు లేచిన ఇంట్లో లాగా నిలబడ్డారు?"

లెక్కల మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "దున్నుతానన్నారు గదండీ, గెలిచినాక."

"అన్నా." పెద్దయ్య లెక్చరరు వైపు వేలు చూపించాడు. "మరి వాళ్ళు ఓడారు గదా. ఓడినోళ్ళు మళ్ళీ రావద్దూ? మనం ఓడినప్పుడు మనకో అవకాశం ఉండాల, వాళ్ళు ఓడితే ఉండద్దా? ఇప్పుడు దున్నితే వాళ్ళు వచ్చి ఏడ ఆడతారు, నా నెత్తి మీదా?"

అని విసుక్కుంటూ బండెక్కి వెళ్ళిపోయాడు.

లెక్కల మాస్టరు నల్లబల్ల తుడవబోయి ఆగాడు. పెదవులు కదుపుతూ కాసేపు లెక్క వేసుకున్నాడు. తర్వాత సుద్దముక్క జేబులో పడేసుకుని, ఎవరూ వినకుండా నా చెవి దగ్గరకు వచ్చాడు.

"ఓడితే మనం పిలవాల. గెలిస్తే వాళ్ళు రావాల. తమ్ముడూ, నీ పెట్టె ఇప్పెయ్యి. ఈయన ఇక జన్మలో దున్నడు."

దున్నలేదు.